చూపు తగ్గుతున్నప్పుడు కెమెరా ఎంచుకోవడం ఎలా?

రెండేళ్ల క్రితం నా ఫొటోల్లో ముఖాలు మసకగా, వెనకున్న గోడలు మాత్రం స్ఫుటంగా రావడం మొదలైంది. లెన్సు చెడిందనుకుని మరమ్మతుకు పంపాను. లోపమేమీ లేదని తిరిగి వచ్చింది. నమ్మబుద్ధి కాక ఇంకోసారి పంపాను. మళ్లీ అదే జవాబు. ఆ తర్వాతి నెలలో కంటి వైద్యురాలు నా కుడి కంట్లో శుక్లం మొదలైందని చెప్పాక విషయం బోధపడింది. దోషం కటకానిదే, కాకపోతే అది కెమెరా కటకం కాదు.

కొత్త కెమెరా కోసం వెతకడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, కెమెరాల గురించి రాసేవాళ్లంతా చక్కటి చూపు ఉన్న కంటి కోసమే రాస్తారు. మెగాపిక్సెళ్లు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, వీడియో ఎంత నాణ్యం, ఇవే లెక్కలు. మనకు కావలసిన లెక్కలు వేరే ఉన్నాయి. అవి వివరాల పట్టికలో అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంటాయి. చూపు తగ్గినవాడికి పనికొచ్చే సమాచారమంతా చిన్న అక్షరాల్లోనే ఉండడం ఏ న్యాయమో తెలియదు గానీ, వాటిని ఎక్కడ వెతకాలో, ఎలా చదవాలో ఇక్కడ చెబుతాను.

మొదటి అడుగు: మీ కన్ను ఏ పని దగ్గర తడబడుతోందో కనిపెట్టండి

ఫొటో తీయడమంటే ఒకే పని అనిపిస్తుంది కానీ, అందులో కంటికి కనీసం ఐదు పనులున్నాయి. దృశ్యాన్ని చట్రంలో ఇమడ్చాలి. ఫోకస్ కుదిరిందో లేదో చూడాలి. వెలుగు, రంగు సరిపోయాయా అని అంచనా వేయాలి. కెమెరా మీది అంకెలు, మెనూలు చదవాలి. తీసిన బొమ్మను వెనక తెర మీద సరిచూసుకోవాలి. ఇప్పుడున్న కెమెరాతో ఒక పూట బయట తిరిగి, ఇబ్బంది పడిన ప్రతిసారీ అది ఈ ఐదింట్లో ఏదో రాసుకోండి. రాయడం కష్టమైతే ఫోన్లో చెప్పి రికార్డు చేసుకోండి.

నేనలా లెక్క వేసుకుంటే, చట్రం కట్టడంలో నాకు ఏ ఇబ్బందీ లేదని తేలింది. ఫోకస్‌లో సగం తప్పులు. మెనూ చదవడం మరీ ఘోరం, ఎండలోనైతే అసలు అసాధ్యం. అంటే నేను డబ్బు పెట్టాల్సింది ఆటోఫోకస్ మీద, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ మీద, వేళ్లతో తడిమి గుర్తుపట్టగలిగే చక్రాల మీద. వెలుగును బొమ్మగా మార్చే సెన్సర్ మీద కాదు. మీ లెక్క నా లెక్కలా ఉండదు. ఉండకూడదు కూడా, ఎందుకంటే చూపు తగ్గే తీరులు చాలా ఉన్నాయి.

చత్వారం సంగతి తేలిక. నలభై దాటాక కంటి కటకం బిగుసుకుని దగ్గరి వస్తువులు అలుక్కుపోతాయి. ఇది వెనక తెరను చెడగొడుతుంది గానీ వ్యూఫైండర్‌ను అంతగా చెడగొట్టదు. వ్యూఫైండర్‌లోని బొమ్మ కన్నుకు అంగుళం దూరంలో ఉన్నా, లోపలి కటకాల వల్ల సుమారు మీటరు దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. చదువుకునే కళ్లజోడు లేకుండా కెమెరా వాడలేకపోతున్నానని బాధపడేవాళ్లలో చాలామందికి కావలసింది మంచి వ్యూఫైండర్ ఒక్కటే.

శుక్లం ఉంటే వెలుగు చెదురుతుంది. దీపాల చుట్టూ వలయాలు కడతాయి, నలుపు తెలుపుల తేడా పలచబడుతుంది, రంగులు పసుపుబారతాయి. చిత్రకారుడు క్లోడ్ మోనేకు శుక్లాలు ముదిరిన రోజుల్లో వేసిన బొమ్మల్లో ఎరుపు, గోధుమ రంగులు ముంచెత్తడం అందుకే. 1923లో కుడి కంటికి శస్త్రచికిత్స జరిగాక ఆయనకు రంగులు మళ్లీ వేరుగా కనిపించాయి. కాబట్టి శుక్లం ఉన్నవాళ్లు రంగును కంటితో తూచకండి. రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్‌ను కెమెరాకే అప్పగించి, ముడి రూపంలో ఉండే రా ఫైళ్లుగా తీసి ఉంచుకుంటే తర్వాత ఎప్పుడైనా దిద్దుకోవచ్చు.

కంటి వెనక పొర నడిమి భాగం దెబ్బతినే మాక్యులా క్షీణతలో చూపు నడిమధ్యలోనే మచ్చ పడుతుంది, పక్కలు కనిపిస్తూనే ఉంటాయి. నీటికాసుల వ్యాధిలో, అంటే గ్లకోమాలో, సాధారణంగా ఇందుకు తిరగబడి పక్కల నుంచి చూపు కోసుకుపోతుంది. రెటినైటిస్ పిగ్మెంటోసాలో ముందు రేచీకటి, ఆ తర్వాత సొరంగంలోంచి చూస్తున్నట్టు ఉండే చూపు. మధుమేహం వల్ల ఆ వెనక పొర, అంటే రెటీనా, దెబ్బతింటే అక్కడక్కడా మరకలు. ఈ తేడాలు ఎందుకు చెబుతున్నానంటే, ఒకరికి వరమైన కెమెరా ఇంకొకరికి శాపం కావచ్చు. దాని సంగతి వ్యూఫైండర్ దగ్గర చెబుతాను.

ఒక హెచ్చరిక. వ్యూఫైండర్‌లోని గడుల గీతలు ఉన్నట్టుండి వంకరగా కనిపించినా, కంట్లో మెరుపులు మెరిసినా, నల్లటి చుక్కలు గుంపుగా తేలినా కెమెరా సంగతి పక్కన పెట్టి వెంటనే కంటి వైద్యుల దగ్గరకు వెళ్లండి. అలాగే శుక్లం శస్త్రచికిత్స త్వరలో ఉంటే కొనుగోలు ఆపండి. కంట్లో కొత్త కటకం పెట్టాక కళ్లజోడు పవరు మారుతుంది, ఇవాళ నప్పిన వ్యూఫైండర్ రేపు నప్పకపోవచ్చు.

రెండో అడుగు: కొనే ముందు డయాప్టర్ చక్రం తిప్పి చూడండి

వ్యూఫైండర్ పక్కన, చాలా కెమెరాల్లో కుడివైపున, వేలి గోరంత చక్రం ఒకటి ఉంటుంది. దాని పేరు డయాప్టర్ సర్దుబాటు. ఏళ్ల తరబడి కెమెరా వాడుతూ దీన్ని ఒక్కసారి కూడా ముట్టుకోని వాళ్లను నేను చాలామందిని చూశాను. ఇంకా తమాషా ఏమిటంటే, సంచిలో పెట్టి తీసేటప్పుడు రాపిడికి అది దానంతటదే తిరిగిపోతుంది. చూపు దిగజారిందని దిగులుపడేవాళ్లలో కొందరి రోగం ఈ చక్రంలోనే ఉంటుంది.

సరిచేయడం ఇలా. కెమెరాను ఖాళీ గోడకో ఆకాశానికో గురిపెట్టి, లెన్సును కావాలనే ఫోకస్ తప్పించండి. ఇప్పుడు లోపల స్పష్టంగా కనబడాల్సింది అంకెలు మాత్రమే. దృశ్యాన్ని చూడకండి, షట్టర్ వేగం చూపే అంకెలనే చూడండి. 8కి, 3కి తేడా తెలుస్తోందా? చక్రాన్ని ఒకవైపు అంకెలు అలికినట్టయ్యేదాకా తిప్పి, అక్కడి నుంచి మెల్లగా వెనక్కి రండి. 8లోని రెండు సున్నాలు విడివిడిగా కనబడగానే ఆగి, కళ్లు మూసి, కొంచెం విరామమిచ్చి మళ్లీ చూడండి. ఉదయం ఒకసారి, కళ్లు అలిసిన సాయంత్రం ఒకసారి చేయండి. మధుమేహం ఉన్నవాళ్లకు రక్తంలో చక్కెర ఎగుడుదిగుడులను బట్టి చూపు కూడా తాత్కాలికంగా మారుతుంది, కాబట్టి వేరువేరు రోజుల్లో చూసుకోవడం మంచిది.

ఈ చక్రానికి రెండు హద్దులున్నాయి. చాలా కెమెరాల్లో అది మైనస్ 4 నుంచి ప్లస్ 2 లేదా 3 పవరు వరకే సర్దుతుంది. రెండోది, అది మామూలు ప్లస్, మైనస్ పవరు దోషాన్నే దిద్దుతుంది, ఆస్టిగ్మాటిజాన్ని, అంటే కంటి వంపు అన్ని దిక్కులా ఒకేలా లేకపోవడాన్ని, దిద్దలేదు. మీ కళ్లజోడు చీటీలో సిలిండర్ అనే గడిలో పెద్ద అంకె ఉంటే, చక్రాన్ని ఎంత తిప్పినా అక్షరాల చుట్టూ నీడ పోదు. మీరు కళ్లజోడుతోనే వ్యూఫైండర్ చూడాలి. దాన్ని ముందే ఒప్పుకుంటే కెమెరా ఎంపిక సగం సులువవుతుంది.

మూడో అడుగు: వ్యూఫైండర్ లెక్కలు చదవడం

ఇదే అసలు ఘట్టం, కాబట్టి నెమ్మదిగా వెళదాం.

పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లలో అద్దం మీదుగా వచ్చే అసలు వెలుగే కంటికి చేరుతుంది. చూడడానికి హాయిగా ఉంటుంది, నిజమే. కానీ ఎక్కువ వెలుగు రానిచ్చే ఎఫ్/2.8 లెన్సు తీసి ఎఫ్/5.6 లెన్సు పెడితే లోపలికి వచ్చే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. వయసుతో పాటు కంటిపాప కుంచించుకుని కన్ను కూడా తక్కువ వెలుగునే లోపలికి రానిస్తుంది. రెండూ కలిస్తే సాయంకాలం గదిలో వ్యూఫైండర్ బావిలా ఉంటుంది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లోని ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ చిన్న తెర. చీకట్లో వెలుగు పెంచి చూపిస్తుంది, నడిమి భాగాన్ని పెద్దది చేసి చూపిస్తుంది, ఫోకస్ కుదిరిన అంచులకు రంగు పూస్తుంది, బొమ్మ ఎంత వెలుగుతో రానుందో ముందే చెబుతుంది. చూపు తగ్గినవాళ్లలో ఎక్కువమందికి మిర్రర్‌లెస్సే మేలని నా నిశ్చితాభిప్రాయం. తెరల మిణుకును, మెరుపును తట్టుకోలేని కళ్లవాళ్లు మాత్రం ముందు పది నిమిషాలు చూసి తేల్చుకోవాలి.

ఇక అంకెలు. మొదటిది చుక్కల సంఖ్య. 23.6 లక్షల చుక్కలంటే గొప్పగా వినిపిస్తుంది, కానీ ఒక్కో పిక్సెల్‌కు మూడు చుక్కలు కాబట్టి అది 1024×768 తెర. 36.9 లక్షలైతే 1280×960. 57.6 లక్షలైతే 1600×1200. సోనీ ఆల్ఫా 7ఆర్ ఫైవ్‌లో ఉన్న 94.4 లక్షలు 2048×1536. నా అనుభవంలో 36.9 లక్షల దాకా పెరుగుదల కంటికి బాగా తెలుస్తుంది. అక్కడి నుంచి పైకి, మసక కన్ను ఆ తేడాను అందుకోలేదు. చుక్కల కోసం ఇల్లు తాకట్టు పెట్టనక్కర్లేదు.

రెండోది మాగ్నిఫికేషన్, బొమ్మ ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ అంకెను 50 మిల్లీమీటర్ల లెన్సుతో కొలుస్తారు, అందుకని చిన్న సెన్సర్ల కెమెరాల్లో అది ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది. ఏపీఎస్-సీ అనే మధ్యరకం సెన్సర్ ఉన్న కెమెరాకు 0.95 అని రాసి ఉంటే 1.5తో భాగించండి, 0.63 వస్తుంది. కెనాన్ ఏపీఎస్-సీకైతే 1.6తో, ఇంకా చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్‌కైతే 2తో. కొందరు తయారీదారులు భాగించిన అంకెనే ఇస్తారు, అప్పుడు పక్కన 35 మిల్లీమీటర్ల సమానమని ఉంటుంది. అన్నింటినీ ఒకే కొలతకు తెచ్చాక 0.6 దగ్గరుంటే చిన్నది, 0.7 దాటితే సుఖం, 0.8 అంటే విశాలం.

అయితే విశాలం అందరికీ మేలు కాదు. ఇందాక చెబుతానన్నది ఇదే. సొరంగపు చూపు ఉన్నవాళ్లకు పెద్ద బొమ్మలో మూలలు కంటి పరిధి దాటిపోతాయి. చట్రం అంచున చెట్టుకొమ్మ దూరినా తెలియదు. వాళ్లకు చిన్న బొమ్మే నయం. చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో వ్యూఫైండర్ బొమ్మను కుదించి చూపే ఎంపిక ఉంటుంది, అది ఉందో లేదో అడగండి. మాక్యులా క్షీణత ఉన్నవాళ్ల ఇబ్బంది వేరు. వాళ్లు మచ్చను తప్పించుకోవడానికి కంటిని పక్కకు తిప్పి ఓరచూపుతో చూడాలి. వ్యూఫైండర్ గొట్టంలో కంటికి ఆ స్వేచ్ఛ ఉండదు. వాళ్లకు పెద్ద తెరే దారి.

మూడో అంకె ఐపాయింట్. కంటిని ఎంత దూరంలో ఉంచినా బొమ్మ మొత్తం కనిపిస్తుందో చెప్పేది ఇది, మిల్లీమీటర్లలో. కళ్లజోడు అద్దం కంటికి పన్నెండు మిల్లీమీటర్లకు పైగానే దూరంగా ఉంటుంది, దాని మందం అదనం. అందుకని కళ్లజోడు వాడేవాళ్లకు 20 కంటే తక్కువుంటే మూలలు తెగిపోతాయి. 23, 25 ఉంటే నిశ్చింత. కళ్లజోడు ఉన్నవాళ్లు మాగ్నిఫికేషన్ కంటే ముందు దీన్నే చూడాలి.

ఏ పట్టికలోనూ ఉండని మాట ఒకటుంది. మీరు ఏ కంటితో చూస్తారు? నాకు కుడి కన్ను మసకబారాక ఎడమ కంటికి మారాల్సి వచ్చింది. వ్యూఫైండర్ ఎడమ మూలన ఉండే చదునైన కెమెరాలు కుడి కంటివాళ్ల కోసం పుట్టినవి. ఎడమ కన్ను పెడితే ముఖమంతా కెమెరా వెనక్కి అతుక్కుంటుంది, ముక్కు తెరను రాస్తుంది. ఓసారి నా ముక్కే ఫోకస్ బిందువును ఆకాశంలోకి జరిపేసింది, పాతిక ఫొటోలు పోయాక గానీ గమనించలేదు. ఎడమ కంటివాళ్లు వ్యూఫైండర్ నడుమ ఉన్న కెమెరా తీసుకుని, కన్ను ఆనించినప్పుడు తెర స్పర్శ పనిచేయకుండా కట్టేయాలి.

నాలుగో అడుగు: వెనక తెర

మూడు అంగుళాల తెరను చేయిచాపు దూరం నుంచి చూడాలి. ఎండలో అది అద్దంలా మీ ముఖమే చూపిస్తుంది. దీన్ని ప్రధాన ఆధారం చేసుకోకండి. ఓరచూపుతో చూడాల్సినవాళ్లు మాత్రం కెమెరా నెత్తిన ఐదు, ఏడు అంగుళాల మానిటర్ బిగించుకోవచ్చు. అందుకు పూర్తి పరిమాణపు హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్న కెమెరా మంచిది, మైక్రో రకం తడుముతూ గుచ్చితే త్వరగా విరుగుతుంది. బల్ల మీది వస్తువులు, పూలు తీసేవాళ్లకు కెమెరాను టాబ్లెట్‌కు కలిపి చూడడం ఇంకా హాయి. పోలరైజ్డ్ చలువ కళ్లజోడు పెట్టుకుంటే కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లబడతాయి, కెమెరా చెడిపోయిందని కంగారుపడకండి.

ఐదో అడుగు: ఫోకస్‌ను వదులుకోండి

చేత్తో ఫోకస్ చేయడమే కళ అని నమ్మిన తరం నాది. ఆటోఫోకస్ ఉన్న తొలి అంగడి కెమెరా కొనికా సీ35 ఏఎఫ్ వచ్చింది 1977లో. అంటే ఈ సౌకర్యానికి అర్ధశతాబ్ది నిండుతోంది, ఇంకా దాన్ని చిన్నచూపు చూడడం నా మూర్ఖత్వం. ఇవాళ మిర్రర్‌లెస్ కెమెరాలు మనిషి కన్నును, పక్షిని, జంతువును గుర్తుపట్టి వెంటపడతాయి. మీరు ఎక్కువగా ఏం తీస్తారో దాన్ని గుర్తుపట్టే కెమెరాయేనా అన్నది ఒక్కటి తేల్చుకోండి. గుర్తుపట్టినప్పుడు చూపే గడి మీ కంటికి ఆనుతుందా అన్నది రెండోది. కొన్నింట్లో ఆ గడి సన్నని తెల్ల గీత, తెల్ల చొక్కా మీద మాయమైపోతుంది. గడి రంగు మార్చుకునే వీలుంటే మార్కులు ఎక్కువ వేయండి.

కంటిచూపుతోనే ఫోకస్ బిందువును జరిపే ఏర్పాటు కెనాన్ 1992లో ఈఓఎస్ 5లో తెచ్చింది, 2021లో ఈఓఎస్ ఆర్3తో మళ్లీ తెచ్చింది. వినడానికి మనకోసమే చేసినట్టుంది. కానీ అది కంటి కదలికను చదివే యంత్రం. కళ్లజోడు, శుక్లం, ఓరచూపు ఉన్నవాళ్లు స్వయంగా పెట్టి చూడకుండా దాన్ని నమ్ముకుని కొనకూడదు. దూరాన్ని చేత్తో కలపాల్సిన రేంజ్‌ఫైండర్ కెమెరాల మీద మోజున్నవాళ్లకు నా సలహా చేదుగా ఉంటుంది. వ్యూఫైండర్‌లోని రెండు నీడలు ఒకటయ్యే క్షణాన్ని మసక కన్ను పట్టలేదు.

సెన్సర్ పెద్దదైతే బొమ్మ మేలని అందరూ అంటారు. దాని వెంటే పలచటి ఫోకస్ పొర వస్తుంది. ఒకే చట్రానికి మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఎఫ్/2.8 దగ్గర దొరికే ఫోకస్ లోతు, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/5.6కు గానీ దొరకదు. చిన్న సెన్సర్ మన పొరపాట్లను క్షమిస్తుంది, చేతికి తేలికగా కూడా ఉంటుంది.

ఆరో అడుగు: వేళ్లతో చదవగలిగే కెమెరా

దుకాణంలో కెమెరా తీసుకుని కళ్లు మూసుకోండి. చూపుడు వేలు షట్టర్ మీద, బొటనవేలు వెనక. మీట తిప్పి ఆన్ చేయండి. ఏ చక్రం ఎక్కడుందో, ఒక్కో మెట్టుకూ టిక్కుమనే స్పర్శ తెలుస్తోందో లేదో చూడండి. పక్కపక్కనే ఒకే ఎత్తులో, ఒకే నునుపుతో ఉన్న బటన్లు మనకు పనికిరావు. అంకెలు చెక్కిన చక్రాలు అందంగా ఉంటాయి కానీ, ఆ అంకెలు చదవాలంటే మళ్లీ కళ్లే కావాలి. చివర ఆగిపోయే చక్రమైతే ఆ కొస నుంచి మెట్లు లెక్కపెట్టుకోవచ్చు, ఆగకుండా తిరుగుతూనే ఉండే చక్రానికి ఆ ఆధారం ఉండదు.

మెనూ అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చో లేదో, ఇష్టమైన పది అంశాలను ఒకే పేజీలో పెట్టుకోవచ్చో లేదో అడగండి. సోనీ 2022లో తెచ్చిన ఆల్ఫా 7ఆర్ ఫైవ్‌లో మెనూను చదివి వినిపించే సౌకర్యం ఉంది. అన్ని భాషల్లో, అన్ని ప్రాంతాల్లో ఉండదు కాబట్టి మీ చేతికొచ్చే నమూనాలో ఉందని చెవులతో విని నమ్మండి. ఫోకస్ కుదిరిందని చెప్పే బీప్ శబ్దం కూడా మీకు సహాయమే. నిశ్శబ్ద షట్టర్ పెడితే చాలాసార్లు అదీ ఆగిపోతుంది.

ఇవన్నీ దాటిపోయేంత చూపు తగ్గితే ఫోను చిన్నచూపు చూడాల్సింది కాదు. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, 2022లో గూగుల్ పిక్సెల్ 7 ఫోనుతో వచ్చిన గైడెడ్ ఫ్రేమ్ చట్రంలో ముఖం ఎక్కడుందో మాటల్లో చెబుతాయి. 2023లో సోనీ, క్యూడీ లేజర్ సంస్థలు కలిసి డీఎస్‌సీ-హెచ్‌ఎక్స్99 చిన్న కెమెరాకు ఒక వ్యూఫైండర్ జోడించాయి. అది బొమ్మను లేజర్‌తో నేరుగా రెటీనా మీదికే వేస్తుంది. కంటి ముందు భాగంలో దోషమున్నవాళ్లకు అక్కరకొచ్చే ఆలోచన. రెటీనాయే దెబ్బతిన్నవాళ్లు ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు.

ఏడో అడుగు: దుకాణంలో ఇరవై నిమిషాలు

మీ కళ్లజోడు, మీ మెమొరీ కార్డు తీసుకెళ్లండి. కళ్లు అలిసే వేళకే వెళ్లండి, ఉదయం తాజా కంటితో అన్నీ బాగానే ఉంటాయి. ముందు డయాప్టర్ సరిచేసుకోండి, ఎవరి కంటికో సర్దినది ఉంటుంది. వ్యూఫైండర్‌లో నాలుగు మూలలూ తల కదపకుండా ఒకేసారి కనిపించాలి. గుమ్మం దగ్గర నిలబడి ఒకసారి ఎండలోకి, ఒకసారి గది లోపలి చీకటి మూలకు తిప్పండి. రేచీకటి ఉన్నవాళ్లు లోపలి తెర వెలుగును తగ్గించి చూడాలి, కన్ను తీశాక చుట్టూ ఏమీ కనిపించకపోతే మెట్లు దిగడమే ప్రమాదం. అమ్మేవారిని అటూ ఇటూ నడవమని పాతిక ఫొటోలు తీయండి. బ్యాటరీని, కార్డును చూడకుండా తీసి పెట్టండి. తలకిందులుగా కూడా దూరిపోయే బ్యాటరీ అయితే రోజూ విసుగే. యూఎస్‌బీ తీగతో నేరుగా చార్జ్ అయ్యే కెమెరా ఆ పనినే తప్పిస్తుంది.

ఆ రోజే కొనకండి. కార్డు ఇంటికి తెచ్చి, ఫొటోలను ఇంట్లో అన్నిటికంటే పెద్ద తెర మీద పెట్టి, మంచి చూపున్న ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని ముఖాలు స్ఫుటంగా ఉన్నవెన్నో లెక్కపెట్టించండి. నాకు ఆ పని మా మనవరాలు చేసింది. మొదటి కెమెరాతో పాతికలో పద్నాలుగు, రెండోదానితో ఇరవై మూడు. వ్యూఫైండర్‌లో చూసినప్పుడు మొదటిదే బాగున్నట్టనిపించింది నాకు.

కొన్న రోజు సాయంత్రం రెండు పనులు చేశాను. ఆస్టిగ్మాటిజం కాస్త ఉన్నా డయాప్టర్‌ను నా ఎడమ కంటికి కుదిరినంత కుదిర్చి, అది జరగకుండా చక్రం మీద చిన్న టేపు ముక్క అంటించాను. ఫోకస్‌ను కంటి గుర్తింపుకు మార్చే బటన్ మీద మా మనవరాలు గోళ్లరంగు చుక్క పెట్టింది. అది ఆరాక చిన్న బొడిపెలా గట్టిపడింది, ఇప్పుడు బొటనవేలు దాన్ని వెతుక్కోనక్కర్లేదు.